మహాజనము, మహజరు, వోటు: సూరతు పట్టణ పాలనమున పౌరుల పాలు

రాజ్యాంగములను రాచరికము, కొలదిమంది ఏలుబడి, ప్రజాప్రభుత్వము అని విభజించి, మొదటిదానియందు పౌరునకు పాలు లేదనియు, రెండవదానియందు కొంత కలదనియు, మూడవదానియందు సంపూర్ణముగా కలదనియు చెప్పుట రాజనీతి గ్రంథములలో పరిపాటియైనది. ఈ విభాగము పాఠము చెప్పుటకు అనుకూలమైనదే. కాని ఒక్క పట్టణమును గైకొని, అచ్చటి జనులు ఒక్కొక్క ప్రభుత్వము క్రింద తమ మాటను పాలకుల చెవిని ఎట్లు వేసిరో పరిశీలించినచో ఈ మూడు గదుల గోడలు అంత గట్టివి కావని తేలును. తపతీ తీరమునందలి సూరతు పట్టణము ఇట్టి పరిశీలనకు మిక్కిలి తగినది. మొగలు చక్రవర్తుల రేవుగాను, ఇంగ్లీషు కంపెనీ స్థావరముగాను, బొంబాయి రాజధానిలోని జిల్లా కేంద్రముగాను, భారత గణతంత్రములో మహానగరముగాను అది నాలుగు విధములైన ఏలుబడులను చూచినది. ప్రతి ఏలుబడియు అచ్చటి భాషలో తన పదములను విడిచి పోయినది. వానిలో పెక్కు పదములు తెలుగులోను కలవు. కాని ఒకే పదము ఈ రెండు భాషలలో వేర్వేరు దారులు పట్టినది. ఆ దారులను గుర్తించుట చరిత్రకు కూడ ఉపకరించును.

మొదట పదములనే చూడవలెను. గుజరాతీలో 'నాగరిక్' అనగా రాజ్యమునందు హక్కులు గలవాడు. తెలుగున 'నాగరికుడు' అనగా సభ్యత గలవాడు, పల్లెటూరివాడు కానివాడు. హక్కులు గలవానికి తెలుగువారు 'పౌరుడు' అను పదము గైకొనిరి. రెండును పట్టణవాచకములనుండియే పుట్టినవి. పల్లెలయందున్న కోట్లాది జనమునకు ఈ పేరు ఎట్లు చెల్లునో ఎవ్వరును అడుగలేదు. వోటునకు గుజరాతీలో 'మత్' అందురు. తెలుగున 'మతము' అప్పటికే వేరొక అర్థమున స్థిరపడియుండుటచే ఆ పదము పనికి రాలేదు. ఇంగ్లీషు పదమే నిలిచినది. 'ప్రజ' అను సంస్కృత పదమునకు సంతానమని మొదటి అర్థము, ఏలబడువారని రెండవది, ఏలువారని అర్థము వచ్చుట నిన్నటి మాట. అరబ్బీ 'రయ్యత్' పదమునకును అట్టి చరిత్రయే కలదు. ఏలబడు జనమని దాని అర్థము. తెలుగున అది 'రైతు' అయి, సేద్యము చేయువానికి మాత్రమే చెల్లుచున్నది. పాలితుడను అర్థము దానినుండి జారిపోయినను, పాలితులలో పన్ను ఇచ్చువాడు ముఖ్యముగా ఎవ్వడో ఆ పదమే తెలుపుచున్నది.

ఇక 'మహాజనము'. తెలుగు, కన్నడ శాసనములందు మహాజనులనగా అగ్రహారపు బ్రాహ్మణుల సభ. నేటి తెలుగున మహాజనులనగా సభకు వచ్చిన సామాన్య జనులు. గుజరాతు పట్టణములందు మహాజనమనగా ఒక వర్తకమునకు చెందినవారి కట్టుబాటు గల సంఘము. నగల వర్తకులకొకటి, ధాన్యపు వర్తకులకొకటి, షరాబులకొకటి యుండును. చేతిపనివారి సంఘములను 'పంచ' మని వాడుట కలదు. పట్టణమునందలి హిందూ, జైన వర్తకుల మహాజనములన్నియు కూడినచో సమస్త మహాజనము. దానికి పెద్ద నగరశేఠు. ఈ 'శేఠు'ను తెలుగు 'సెట్టి'యు శ్రేష్ఠి శబ్దభవములే. మన శాసనములందు వర్తక సంఘమునకు 'నకర' మని పేరు; నగర శబ్దమే వర్తకుల సమూహమును తెలుపుచున్నదనుట గమనింపదగినది. పట్టణమనగా గోడలు గాక వర్తకులే యను భావము ఈ రెండు దేశములందును ఉండెననవచ్చును. నకరమువారు తమ సరకులపై తామే సుంకము విధించుకొని దేవాలయములకు సమర్పించిన శాసనములు తెలుగు దేశమున పెక్కు కలవు. సూరతు మహాజనములును క్రయవిక్రయములపై కొంత వసూలు చేసి పాంజరాపోలు, అనగా ముసలి పశువులను పోషించు శాల, మొదలగు ధర్మకార్యములు నడపెడివి. పన్ను వేసికొను అధికారము రాజునకే గలదను సూత్రము ఆచరణమున ఇట్లు సడలి యుండెను.

అయినను ఇట్టి సంఘముల యునికియే పాలనమున పాలు కానేరదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఇందుకు తార్కాణము. అంతకు పూర్వము గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరకును రాజులు స్వాధీనము చేసికొనెడివారనియు, ఇకమీద నియమితమైన సుంకము తప్ప వేరేమియు గైకొనననియు రాజు అందు మాట ఇచ్చెను. అది గొప్ప దయ. కాని దయ రాజుది. వర్తకుని చేతిలో దానిని నిలుపు సాధనమేదియు ఆ శాసనమున కానరాదు. అట్టి సాధనమెట్టిదో నాలుగు శతాబ్దముల తరువాత సూరతు రేవున తెలియవచ్చును.

మొగలుల కాలమున సూరతులో రేవు అధికారి ముతసద్దీ, కోట అధికారి వేరు, న్యాయమునకు కాజీ. ఒకరిపై నొకరికి పూర్ణాధికారము లేదు. అందరును చక్రవర్తికి లోబడినవారు. ఈ అధికారుల నడుమనున్న సందులోనే వర్తకుని పలుకుబడి. ఆతడు మహజరు వ్రాయించి దర్బారునకు పంపవచ్చును. మహజరనగా హాజరైనవారి సాక్ష్యము: ఒక సంగతి ఎరిగినవారు పలువురు చేవ్రాళ్ళు చేసి, కాజీ ముద్రతో స్థిరపరచిన పత్రము. అరబ్బీలో దీనికిని 'హాజరు'కును ధాతువొక్కటే. పలువురి నోటిమాట ఒక్క కాగితముపై రాజునకు చేరు మార్గమిది. తెలుగున మహజరు అను పదము నేటికిని సజీవముగా నున్నది. కాని పోలీసు ఠాణాలో. నేరస్థలమున పంచుల ఎదుట వ్రాయు పత్రమునకు ఆ పేరు మిగిలినది. గుజరాతులో దానినే పంచనామా యందురు. ప్రజలు రాజును నిలదీయుటకు వ్రాసిన పత్రము పేరు, ప్రభుత్వము ప్రజలలో ఇద్దరిని పిలిచి సంతకము చేయించుకొను పత్రమునకు సంక్రమించుట శబ్దచరిత్రలో చిన్న విషయము కాదు.

ఈ మహజరునకు బలమెక్కడిది? 1669లో జరిగిన సంఘటన దానిని వివరించును. ఔరంగజేబు పాలనమున సూరతు కాజీ బనియాలలో ఒకనిని బలవంతముగా మతము మార్పించినట్లు ఇంగ్లీషు వర్తకస్థానపు పత్రములు తెలుపుచున్నవి. దేవాలయములపై నిర్బంధము, ధన దండుగలు కూడ తోడయ్యెను. వర్తక ప్రముఖుడు భీంజీ పారెఖు మొదలగువారు తొలుత బొంబాయిలోని ఇంగ్లీషు గవర్నరు జెరాల్డ్ ఆంజియరు ఆశ్రయము కోరిరి. బొంబాయి అప్పుడు కంపెనీవారి చేతికి వచ్చి ఏడాది మాత్రమే యైనది; ఆంజియరు మొగలులతో వైరము పెట్టుకొనజాలక, వారిని ప్రస్తుతమునకు అహమ్మదాబాదునకు పోయి చక్రవర్తికి మొరపెట్టుకొనుమని చెప్పెను. ఆ సెప్టెంబరున సూరతు బనియాలు, ఇంటి పెద్దలు ఎనిమిది వేలమంది, భార్యాబిడ్డలను అన్నదమ్ముల కప్పగించి పట్టణము విడిచి భరూచికి పోయిరి. కాజీ వారిని నిర్బంధించి నిలుపుమని కోరెను గాని పట్టణాధికారి అందుకు ఒప్పుకొనలేదు. షరాబులు లేరు, హుండీలు మారవు, టంకశాలకు, సుంకపు ఠాణాకు పని లేదు. కొనువాడున్నను అమ్మువాడు లేడు. మూడు నెలలిట్లు గడచిన తరువాత చక్రవర్తివద్దనుండి అభయము రాగా డిసెంబరున వారు తిరిగి వచ్చిరి.

ఇందు రెండు సంగతులు విచార్యములు. మొదటిది: నిరంకుశమని చెప్పబడు రాజ్యమున, వోటు పేరైనను ఎరుగని కాలమున, ఒక వర్గము తన మాటను చెల్లించుకొనినది. అట్లు చెల్లించుకొనుటకు సాధనము పాలనమున చోటు గాదు. పాలనమునుండి తొలగిపోవు శక్తి. రాజునకు సుంకము కావలెను. సుంకము వర్తకుని వెంట నడచిపోవును. రెండవది: ఆ శక్తి అందరికిని లేదు. సొమ్ము హుండీలలో నున్నవాడు భరూచికి పోగలడు. మగ్గము గుంటలో పాతుకొన్నవాడు పోలేడు. నాటి పత్రములందు ఆ మూడు నెలలు సూరతు నేతగాండ్రు, అద్దకపువారు ఏమి తినిరో ఒక్క పంక్తియు లేదు. పట్టణమున నిలిచిన ఆడువారి మాటయు లేదు. మహాజనము అను పదమునందలి 'మహా' యెవ్వరిదో ఈ మౌనమే చెప్పుచున్నది.

అంగళ్ళు మూయుట ఈ తొలగిపోవుటకు చిన్న రూపము. గుజరాతీ 'హడతాళ్' పదమును హాటు, తాళము అను రెండు పదముల కలయికగా చెప్పుదురు: అంగడికి తాళము. తెలుగున హర్తాళుగా వచ్చినది ఈ పదమే. జాతీయోద్యమ కాలమున అది దేశమంతటను వ్యాపించినను పుట్టుక వర్తకుల వీథియందే.

1759లో ఇంగ్లీషువారు సూరతు కోటను పట్టుకొనిరి. 1800లో నవాబుతో ఒడంబడిక చేసికొని పట్టణ పాలనము నంతయు గైకొనిరి. వర్తకులలో పలువురు ఈ మార్పునకు తోడ్పడినవారే. పాలకుడు తన కొలువులోని వర్తకుడే యైనచో మాట వినునని వారి యాస కాబోలు. జరిగినది వేరు. మొగలు అధికారికి బనియా సొమ్ముతో పని యుండెను. కంపెనీ రాజ్యము పెరిగినకొలది సూరతు దానికి పది పట్టణములలో నొకటియైనది. బొంబాయి పెరిగి సూరతు తరిగెను. పట్టణము విడిచి పోదుమని బెదిరించినచో పొండని చెప్పగల ప్రభుత్వము ఇప్పుడు వచ్చినది.

అందుచే తరువాతి పోరాటములలో వర్తకులు ఒంటరిగా నిలువలేదు, నిలువజాలరు కూడ. 1844లో పట్టణ సుంకములను ఎత్తివేసి, ఆ లోటు పూరించుటకు ప్రభుత్వము ఉప్పు పన్నును మణుగునకు అర్ధ రూపాయినుండి ఒక రూపాయికి పెంచెను. ఎత్తివేసిన సుంకము వర్తకునిది. పెంచిన పన్ను ప్రతి వంటయింటిది. ఆగస్టు చివర సూరతులో అంగళ్ళు మూతపడెను, వేలకొలది జనము వీథులలోనికి వచ్చెను, అల్లర్లు చెలరేగెను. కడకు పన్నును పండ్రెండణాలకు దించిరి. 1848లో బెంగాలు తూనికలను ప్రవేశపెట్టబోగా పట్టణము మరల అంగళ్ళు మూసెను. ఆ యేర్పాటును ప్రభుత్వము మానుకొనెను. 1878లో లైసెన్సు పన్నుపై మరియొకమారు అంగళ్ళు మూసి అల్లరి జరుగగా పోలీసులు కాల్పులు జరిపిరి. ముప్పది నాలుగేండ్లలో ప్రభుత్వపు ఓపిక ఎంత మారినదో ఈ మూడు సంఘటనల ముగింపులే చెప్పును.

ఉప్పు అల్లరి జరిగిన 1844లోనే సూరతులో దుర్గారామ మెహతాజీ మొదలగువారు మానవధర్మసభను స్థాపించిరి. అది సంఘ సంస్కరణమునకై పుట్టినదే గాని పట్టణ పాలనమునకై కాదు. అయినను కులమునుబట్టి గాక అభిప్రాయమునుబట్టి జనులు కూడి, బాహాటముగా చర్చించుట అచ్చట క్రొత్త. మహాజనమున పుట్టుకచే చేరుదురు. సభలో ఇచ్చచే చేరుదురు. పురపాలక సంఘమునకు కావలసిన అలవాటు మహాజనములనుండి కంటె ఇట్టి సభలనుండియే ఎక్కువగా వచ్చెననుట సత్యమునకు దూరము కాదు.

సూరతు పురపాలక సంఘము 1852లో ఏర్పడినది. 1850వ సంవత్సరపు 26వ చట్టము దానికి ఆధారము. పట్టణవాసులు కోరినగాని ఆ చట్టమును వర్తింపజేయరాదను నియమమొకటి అందు కలదు. కోరినవారు ఎంతమంది, ఎట్టివారు అను ప్రశ్నకు ఆ చట్టములో గట్టి సమాధానము లేకున్నను, సమ్మతిని అడుగుట మాత్రము ఉండెను. గుజరాతీలో పురపాలక సంఘమునకు 'సుధరాయీ' అను పేరు వాడుకలోనికి వచ్చెను. బాగుచేయుట యని అర్థము. తెలుగున 'పురపాలక సంఘము'లో పాలనము కలదు, సంఘము కలదు. గుజరాతీ పదములో ఆ రెండును లేవు, వీథులు బాగుచేయు పని మాత్రము కలదు. పేరు పెట్టినవారు సంఘపు శక్తిని సరిగానే అంచనా వేసిరనవచ్చును. 1882లో రిప్పను ప్రభువు తీర్మానము వచ్చిన తరువాత కొందరు సభ్యులను ఎన్నుకొను పద్ధతి ఏర్పడెను. వోటు మాత్రము పన్ను చెల్లించు కొలదిమందికే చెల్లెను.

ఈ కాలమున పౌరుని పాలు హక్కు రూపమున తొలిసారి పుట్టినది. కాని దానితోపాటు ఒక క్రొత్త అడ్డంకియు పుట్టినది. అది భాష. మొగలు దర్బారునకు మొర పారసీకమున వ్రాయవలెను. అందుకు మునిషీ దొరకును. మొర బలము మునిషీ భాషలో లేదు, మొరపెట్టినవాని సుంకములో కలదు. పురపాలక సంఘమునను బొంబాయి శాసనసభయందును అట్లు కాదు. అచ్చట వాదమే బలము; వాదము ఇంగ్లీషున జరుగవలెను. ప్రజాహితము, లోకాభిప్రాయము, ప్రాతినిధ్యము అను భావములను ఇంగ్లీషు పలుకుబడిలో వాడనేర్చిన వకీళ్ళు, పట్టభద్రులు పట్టణమునకు నాయకులైరి. మహాజనపు పెద్దలు వెనుకబడిరి. మహాజనమున వర్తకుడు కానివానికి చోటు లేకుండెను. క్రొత్త సభలో ఇంగ్లీషు రానివానికి చోటు లేదు. రెండవది మొదటిదానికంటె విశాలమని చెప్పుటకు లెక్కలు చూడవలసి యుండును.

1907 డిసెంబరున సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఎల్లరకును తెలిసినదే. నాగపురమున జరుగవలసిన సభను సూరతునకు మార్చిరి. రాస్ బిహారీ ఘోషు అధ్యక్షత విషయమున మితవాదులు, తిలకు పక్షమువారు కలహించిరి, చెప్పు ఒకటి వేదికపై పడెను, కుర్చీలు లేచెను, సభ చెదరెను. మరుసటి సంవత్సరము మితవాదులు కాంగ్రెసునకు నిబంధనావళి వ్రాసికొని, నిర్ణీతమైన ఆశయములకు ఒప్పుకొన్నవారినే లోనికి రానిచ్చిరి. ప్రభుత్వమునందు పాలు కోరు సంస్థయే తన యింట పాలు పంచుటకు నియమము లేక ఆ స్థితికి వచ్చుట గమనార్హము. చెప్పు విసరినది ఎవరను విచారణకంటె, అధ్యక్షుని ఎన్నుకొను పద్ధతి అప్పటికి నిబంధనలలో స్థిరపడియుండలేదను సంగతి ముఖ్యమైనది.

1920 తరువాత జాతీయవాదులు సూరతు పురపాలక సంఘమున బలము సంపాదించి, పట్టణ పాఠశాలలను ప్రభుత్వపు పెత్తనమునుండి తప్పింపజూచిరి. 1922లో ప్రభుత్వము ఆ సంఘమును రద్దుచేసి తాను నియమించిన సమితికి పాలనము అప్పగించెను. ఎన్నిక ఉన్నది, ఎన్నికైనవారు తలచినది చేయుట లేదు. ఇట్టి ప్రభుత్వమును రాచరికమనవలెనో ప్రజాప్రభుత్వమనవలెనో పాఠ్యగ్రంథముల విభాగము చెప్పజాలదు.

అదే కాలమున తెలుగు దేశమున జరిగిన చీరాల పేరాల ఉద్యమమును దీని సరసన పెట్టి చూడవలెను. ఈ రెండు గ్రామములను కలిపి, జనుల ఇచ్చకు వ్యతిరేకముగా మదరాసు ప్రభుత్వము పురపాలక సంఘముగా చేసెను. సుమారు నాలుగు వేల రూపాయలుగా నున్న పన్నులు నలుబది వేలకు చేరునని జనులు గగ్గోలుపడిరి. వారిలో పెక్కుమంది నేతవారు. 1921 ఏప్రిల్‌లో చీరాలకు వచ్చిన గాంధీజీ, అహింసతో పన్నుల నిరాకరణము చేయుట, లేదా ఊరు విడిచి పోవుట అను రెండు మార్గములు సూచించెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున జనులు రెండవదానిని గైకొనిరి. సుమారు పదమూడు వేలమంది ఊరి హద్దు దాటి రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించిరి. నాయకుని చెర, ఎండ, వాన, ధనాభావము వారిని కడకు వెనుకకు మరలించెను; పురపాలక సంఘము నిలిచెను.

1669 నాటి బనియాలకు ఫలించిన సాధనము 1921 నాటి చీరాల వారికి ఏల ఫలింపలేదు? గాంధీజీ గుజరాతు దేశపువాడు; ప్రభువుపై అలిగి ఊరు విడుచు పూర్వాచారమును 'హింద్ స్వరాజ్'లో ఆయన పేర్కొనియున్నాడు. ఆచారమొక్కటే, ప్రభుత్వము వేరు. బనియాలు పోయినచో మొగలు బొక్కసమునకు నష్టము. చీరాల జనులు పోయినచో మదరాసు బొక్కసమునకు ఏమియు లోటు లేదు. పోయినవారే తిండికి మాడిరి. మరియు బనియాలు వదలిపోయినది వీథిని. చీరాల నేతవారు వదలినది మగ్గమును. అయినను చీరాలలో పోయినవారు ఇంటి పెద్దలు మాత్రమే కారు. స్త్రీలు, పిల్లలు, సమస్త కులములవారు కదలిరి. ఫలము తక్కువ, పాల్గొన్నవారు ఎక్కువ. పాల్గొనుటకును ఫలమునకును ఇట్లు పొంతన లేకుండుట ఈ చరిత్రయందు మరల మరల కనుపించును.

సూరతు జిల్లాలోని బార్డోలీ తాలూకాలో 1928లో జరిగిన సత్యాగ్రహము ఈ లోపమును సవరించినది. భూమిశిస్తును నూటికి దాదాపు 22 వంతులు పెంచిరి. వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు శిస్తు ఇయ్యక నిలిచిరి. ఊరు విడువలేదు, భూమిపై నుండియే ప్రభుత్వమును వెలివేసిరి. పటేళ్ళు, తలాటీలు రాజీనామాలిచ్చిరి. మన కరణము, మునసబులవంటివారు లేనిదే పై అధికారికి గ్రామము కంటికి కానరాదు. ప్రతిదినము గుజరాతీలో పత్రిక అచ్చువేసి ఇంటింటికి పంపిరి. ఇంగ్లీషు వాదములతో శాసనసభలో సాధింపలేనిది ఊరి భాషలో అచ్చైన ఆ చిన్న పత్రికలతో సాధించిరి. తుదకు విచారణ జరిపిన ఇద్దరు అధికారులు, బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్, పెంపు నూటికి 6 వంతులకు కొంచెము మించి ఉండరాదని తేల్చిరి. ఇచ్చటను మరువరానిది ఒకటి కలదు. శిస్తు కట్టువాడు భూమి గలవాడు. ఆ భూములను దున్నిన దుబళా కూలీలు, అప్పులకు తరతరములు కట్టుబడిన హాళీలు, తగ్గిన శిస్తులో ఏమి పొందిరో చెప్పుట కష్టము.

స్వాతంత్ర్యానంతరము వయోజనులందరికిని వోటు వచ్చినది. 1960లో గుజరాతు రాష్ట్రము ఏర్పడెను. 1966లో సూరతు నగరపాలికయైనది. 1949 నాటి బొంబాయి చట్టము ప్రకారము నగరపాలికలో కార్యనిర్వహణాధికారము ఎన్నికైన మేయరుది కాదు. రాష్ట్ర ప్రభుత్వము నియమించు కమిషనరుది. 1994 సెప్టెంబరున ప్లేగు పుట్టినదను వార్తకు లక్షల జనము నాలుగు దినములలో సూరతు విడిచి పోయెను. అది అలుక కాదు, భయము. మరుసటి సంవత్సరము వచ్చిన కమిషనరు ఎస్. ఆర్. రావు అధికారమును మండలములకు పంచి, అధికారులను దినదినము వీథులకు నడిపించి, పట్టణమును శుభ్రమొనర్చిన తీరు దేశమున ప్రసిద్ధికెక్కెను. పట్టణమును బాగుచేసినది వోటరు ఎన్నుకొన్నవాడు కాదు, నియమితుడైన అధికారి. పౌరుని పాత్ర ఫిర్యాదు చేయుట. ఫిర్యాదు పదము తెలుగు గుజరాతీలు రెంటను పారసీకమునుండి వచ్చినదే. మొగలుల నాటి మొరకును దీనికిని దూరము ఎంతయని అడుగుట అనుచితము కాదు. అయితే మొర వినకున్నచో నాడు భరూచికి పోవలెను. నేడు అయిదేండ్లకొకమారు వోటు కలదు. ఆ భేదము పెద్దది.

వోటు వేయనివానిని దండింపవలెనను ఆలోచనయు గుజరాతులోనే చట్టరూపము తాల్చెను. స్థానిక సంస్థల ఎన్నికలలో వోటు వేయుట నిర్బంధమనియు, స్త్రీలకు సగము స్థానములనియు శాసనసభ 2009లో ఆమోదించిన చట్టమునకు 2014లో గవర్నరు సమ్మతి లభించెను. నిర్బంధపు భాగమును 2015 ఆగస్టున హైకోర్టు నిలిపివేసెను. స్త్రీల సగము నిలిచెను. 2021 ఎన్నికలలో సూరతు నగరపాలిక స్థానములు 120. సగము స్త్రీలవే. 1669లో అన్నదమ్ముల కప్పగింపబడి ఇంట నిలిచినవారి పేరు ఏ పత్రమునను లేదు.

ఇట్లు వోటు వేయుట కర్తవ్యమా హక్కా యని చర్చ జరిగిన రాష్ట్రములోనే 2024లో సూరతు లోకసభ నియోజకవర్గమున వోటు వేయు అవసరమే రాలేదు. ఒక ప్రధాన పక్షపు అభ్యర్థి నామపత్రమును, ప్రతిపాదించినవారి సంతకముల వివాదముచే తిరస్కరించిరి, తక్కినవారు ఉపసంహరించుకొనిరి, మిగిలిన యొక్కరిని ఏప్రిల్ 22న ఎన్నికైనట్లు ప్రకటించిరి. అభ్యర్థుల సంఖ్య స్థానములకు సమానమైనచో వోటింగు లేకుండ ప్రకటింపవలెనని ప్రాతినిధ్య చట్టము 53వ విభాగము చెప్పుచున్నది. చట్టము తప్పలేదు. ఎవ్వరును వద్దను మీట కూడ ఒక్కరే అభ్యర్థిగానున్నచో పౌరుని చేతికి రాదు. కాకతీయుల నాటి రేవులో దయ ఉండి సాధనము లేదు. ఇచ్చట సాధనముండి దానిని వాడు సందర్భము లేకపోయెను.

సూరతు మరమగ్గముల వాడలయందు తెలుగువారు పెద్ద సంఖ్యలో నున్నారు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పోయిన పద్మశాలి కుటుంబములు వారిలో ముఖ్యమైనవి. లింబాయతు, ఉధనా ప్రాంతములలో తెలుగు పలుకు వినబడుచుండును. వీరి పౌరసత్వము ఎచ్చటిది? వోటరు పట్టికలో పేరు సాధారణముగా నివసించుచోట ఉండవలెనని చట్టము. కాని ఇల్లు, పొలము, పెండ్లి, చావు స్వగ్రామమున నుండగా బ్రతుకు సూరతున నున్నవానికి ఏది సాధారణ నివాసము? స్వగ్రామమున పేరుంచుకొన్నవాడు సూరతు నీళ్ళకు, మురుగునకు, బడికి సంబంధించిన వోటు కోల్పోవును. సూరతున వ్రాయించుకొన్నవాడు ఊరి పంచాయతీ వోటు కోల్పోవును. చీరాలవారి మగ్గము వలె కాక వీరి మగ్గము ఇతరులది. 1669 నాటి బనియా వలె అలిగి పోయినచో నష్టపడునది పోయినవాడే.

ఈ స్థితిలో సూరతు నగరపాలిక నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమముండుట విశేషముగా గ్రహింపవలెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పు వసతి కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము దీనికి అండ. తెలుగు బడి కలదు. తెలుగు మహజరు చదువు కచేరీ లేదు. నగరపాలిక వ్యవహారమంతయు గుజరాతీలో జరుగును. అది గుజరాతీ జనమునకు న్యాయమే, ఒకప్పుడు ఇంగ్లీషునకు పోగొట్టుకొన్న చోటు వారికి తిరిగి వచ్చినది. మగ్గపు వాడలో పుట్టిన పిల్లవాడు ఇంట తెలుగు, వీథిలో హిందీ, కచేరీలో గుజరాతీ నేర్చి, తన తండ్రి ఫిర్యాదును తానే వ్రాసిపెట్టుచున్నాడు. ఆ ఫిర్యాదు కాగితములలోని భాష, అందలి తెలుగు, గుజరాతీ పదముల కలయిక, సంతకములు చేసినవారి సంఖ్య ఇంతవరకు ఏ తెలుగు శాఖ పరిశోధకుని చేతికిని అందినట్లు లేదు. అవి సేకరింపదగినవి.